పన్నును నిరాకరించుట, పన్నును ఎగవేయుట



పండుగ దినములలో మన పెద్దలు కూడి మాటలాడుకొనునప్పుడు పన్నును గూర్చిన ముచ్చట ఒకటి తరచుగా వినబడును. “తెల్లదొరకు పన్ను కట్టము పొమ్మని ఎదురు తిరిగిన జాతి మనది, పన్ను తప్పించుకొనుట మనకు క్రొత్త విద్య కాదు” అని నవ్వుచు అందురు. ఈ మాటలో సగము సత్యము, సగము అసత్యము కలదు. ఆ రెండింటిని వేరుపరచి చూచుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. పన్ను ఎట్లు పుట్టెను?

మహాభారతమున శాంతిపర్వములో భీష్ముడు ధర్మరాజునకు రాజధర్మములను బోధించుచు ఒక కథ చెప్పును. రాజు లేని కాలమున బలవంతుడు బలహీనుని దోచుకొనుచుండెను. ఆ బాధను సహింపలేక ప్రజలు మనువును తమకు రాజుగా ఉండుమని వేడుకొనిరి. పాపకర్ములైన మనుష్యులను పాలించుట కష్టమని అతడు జంకెను. అప్పుడు ప్రజలు పశువులలోను బంగారములోను యాబదవ వంతును, ధాన్యములో పదవ వంతును ఇచ్చెదమని మాట ఇచ్చిరి.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. ఈ కథలో పన్ను రాజాజ్ఞగా పుట్టలేదు. ప్రజలు ఇచ్చిన మాటగా పుట్టెను. ఒకవైపు రక్షణము, మరొకవైపు పన్ను. ఒకటి లేనిచో రెండవదానికి బలము లేదు. తుమ్మెద పువ్వును చెరుపక తేనెను గ్రహించునట్లు రాజు పన్ను గ్రహింపవలెననియు, ప్రజలను రక్షింపని రాజు వారి పాపములో పాలుపొందుననియు అదే పర్వము హెచ్చరించుచున్నది. కావున పన్ను ఇచ్చువానికి ధర్మము కలదు. పుచ్చుకొనువానికి అంతకంటె పెద్ద ధర్మము కలదు.

2. తెలుగు నేల చేసిన నిరాకరణము

ఈ మాట చెడినప్పుడు ప్రజలు ఏమి చేయవలెను? దీనికి మన తెలుగునాడే ప్రత్యుత్తరమిచ్చినది.

గుంటూరు సీమలోని చీరాల, పేరాల గ్రామములను 1919లో ప్రభుత్వము కలిపి పురపాలక సంఘముగా మార్చెను. ప్రజలలో అనేకులు చేనేతవారు, చిన్న రైతులు. వారి అంగీకారమును పొందకయే పన్నులు అనేక రెట్లు పెంచబడెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వారికి నాయకుడాయెను. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాలకు వచ్చి రెండు మార్గములను చూపెను. పన్ను కట్టక శిక్షలను ఓర్చుకొనుట ఒకటి. పట్టణపు పొలిమేరను దాటి వెడలిపోవుట రెండవది. ప్రజలు రెండవదానిని ఎన్నుకొనిరి. వేలకొలది జనులు ఇండ్లు విడిచి, పొలిమేర వెలుపల పాకలు వేసికొని, ఆ నివాసమునకు రామనగరమని పేరు పెట్టుకొని సుమారు 11 నెలలు కష్టములకు ఓర్చి నివసించిరి. గోపాలకృష్ణయ్య కారాగారమున ఒక సంవత్సరము గడపెను. చివరకు ప్రజలు తిరిగి రాక తప్పలేదు. పురపాలక సంఘమును తొలగలేదు. అయినను వారి కీర్తి నిలిచినది.

ఆ కాలముననే, 1921–22లో, పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున భూమి శిస్తును నిలిపివైచిరి. పల్నాటిలో అడవిలో పశువులను మేపుకొనుటకు విధించిన పుల్లరి పన్నును ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలియయ్యెను.

ఈ ముగ్గురి చరిత్రలలోను మూడు లక్షణములు సమానముగా కనబడును. మొదటిది: వారు దాచలేదు, పదిమంది ఎదుట “కట్టము” అని చెప్పిరి. రెండవది: దాని ఫలమును, అనగా జప్తును, చెరసాలను, మరణమును సయితము తామే అనుభవించిరి. మూడవది: తమ స్వలాభమును కోరలేదు. చీరాల వారిని చూడుడు. పురపాలక సంఘపు పన్ను వద్దన్నవారు ఆ సంఘపు బాటను, దీపమును, తమ సొంత ఇంటిని కూడ విడిచి పోయిరి. బాటపై నడచుచు, దీపపు వెలుగున కూర్చుండి, లెక్కలు మార్చి వ్రాయలేదు.

3. మన తాతలు కట్టిన కనబడని పన్ను

ఈ పోరాటములు జరుగునాటికే మన తాతముత్తాతలలో అనేకులు సముద్రము దాటి మలయా తోటలకు చేరియుండిరి. వారిపై ఆదాయపు పన్ను లేదు. అంతమాత్రమున వారి కష్టము నుండి ఎవరును ఏమియు తీసికొనలేదని తలంపరాదు. 1907లో తమిళ వలస నిధి శాసనము వచ్చెను. తోటల యజమానులు కూలీల పనిదినములను లెక్కించి ఆ నిధికి రుసుము చెల్లించిరి; ఆ ధనముతో క్రొత్త కూలీల ఓడ ప్రయాణము సాగెను. ఒప్పంద కూలీ పద్ధతి 1910లో రద్దయిన తరువాతను ఈ నిధి కొనసాగెను. శాసనము పేరులో తెలుగువాని ఊసు లేదు. నిధిని ఎట్లు ఖర్చు చేయవలెనో చెప్పు సభలో కూలీకి పీట లేదు.

ఆ దినములలో సింగపూరును పాలించిన ప్రభుత్వపు ఆదాయములో కొన్ని సంవత్సరములు సగమునకు దగ్గరగా నల్లమందు నుండి వచ్చెడిది. 1910లో ప్రభుత్వమే ఆ వ్యాపారమును తన చేతికి తీసికొనెను. ధనికుని రాబడిపై పన్ను లేదు. అలసిన శ్రామికుని దురలవాటుపై ఖజానా నిలిచెను. పన్ను చెల్లించుట ధర్మమని చెప్పునప్పుడు, పన్ను విధించు విధానము కూడ ధర్మముగా ఉండవలెనని మనము మరువరాదు.

4. మాట మరల మన చేతికి వచ్చుట

సింగపూరులో ఆదాయపు పన్ను శాసనము 1947లో చేయబడి, 1948 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. వర్తక ప్రముఖులు దానిని గట్టిగా వ్యతిరేకించిరి. 1959లో స్వపరిపాలన వచ్చెను. ఆ ఎన్నికల నుండి ఓటు వేయుట పౌరులకు విధియాయెను. 1965లో దేశము స్వతంత్రమాయెను. మన తాతకు లేని పీట మనకు దొరికినది. నేడు పన్ను రేటును నిర్ణయించువారు మన ఓటుతో ఎన్నికైనవారు. వార్షిక ఆదాయ వ్యయ పట్టిక పార్లమెంటులో బహిరంగముగా చర్చింపబడును. ఆ రేటు నచ్చనిచో మాటలాడుటకు, వ్రాయుటకు, ఓటు వేయుటకు మార్గము కలదు.

నేటి నియమముల ప్రకారము, పన్ను విధింపదగిన ఆదాయములో మొదటి 20,000 డాలర్లపై పన్ను లేదు. 2024 మదింపు సంవత్సరము నుండి పది లక్షల డాలర్లకు మించిన భాగముపై 24 శాతము విధింపబడుచున్నది. మోయగలవానిపై ఎక్కువ భారము అను నీతి ఇందు కలదు.

అయితే “చిన్న జీతగాడు పన్ను కట్టడు” అనుట పొరపాటు. 1994 ఏప్రిల్ 1న 3 శాతముగా ప్రారంభమైన వస్తు సేవల పన్ను 2024 జనవరి 1 నుండి 9 శాతమైనది. బియ్యము కొనునప్పుడు వీధులూడ్చు వృద్ధురాలు కట్టు శాతము, కంపెనీ యజమాని కట్టు శాతము ఒక్కటే. ఆమె రాబడిలో అది పెద్ద భాగము. అతని రాబడిలో చిన్న భాగము. ఈ భారమును తగ్గించుటకే 2012 నుండి తక్కువ రాబడి గల పౌరులకు ప్రభుత్వము వోచర్ల రూపమున సహాయము చేయుచున్నది. కావున ధనము గలవాడు పన్ను దాచిన యెడల అతడు మోసగించునది కనబడని ప్రభుత్వమును కాదు. తప్పించుకొను వీలే లేని ఆ వృద్ధురాలిని.

5. మన ఇంటిలోని పరీక్ష

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాడను గనుక మా వారి ఉదాహరణమునే మొదట చెప్పెదను. సాయంకాలము ట్యూషను చెప్పి నోట్ల రూపమున పుచ్చుకొను రుసుము కూడ ఆదాయమే. పెండ్లి వంటలు చేసి తెచ్చిన సొమ్ము, గది అద్దె, ఇంటిలో కుట్టుపని వలన వచ్చు సొమ్ము కూడ అంతే. “బ్యాంకులో పడలేదు గనుక లెక్కలోనికి రాదు” అనుట శాసనము కాదు. మనస్సును జోకొట్టు మాట మాత్రమే.

శాసనమే ఇచ్చు తగ్గింపులను పొందుటలో దోషము లేదు. తల్లిదండ్రులను పోషించువారికి, గుర్తింపు పొందిన ధర్మసంస్థలకు దానము చేయువారికి తగ్గింపులు కలవు. అవి అడిగి పొందవలసినవే. దోషము దాచుటలో కలదు, బొంకుటలో కలదు. చేయని దానమునకు రసీదు కోరుట, దేవాలయమును సయితము అబద్ధమునకు సాక్షిగా నిలుపుటయే. 1992లో ఏర్పడిన ఇన్‌లాండ్ రెవెన్యూ అథారిటీ ఎగవేతను కనుగొన్నచో ఎగవేసిన సొమ్ముకు అనేక రెట్లు జరిమానా, కారాగారము కూడ కలుగవచ్చును. కాని శిక్షాభయము చేత మాత్రమే నిలుచు ధర్మము, భయము తొలగిన దినమున నిలువదు.

ఎవరైనను ఒక పన్ను అన్యాయమని నిజముగా నమ్మినచో, చీరాల వారి కొలతతో తన్ను తాను కొలిచికొనవలెను. బహిరంగముగా చెప్పుటకు సిద్ధమా? ఫలమును తానే భరించుటకు సిద్ధమా? స్వలాభము లేదా? ఈ మూడింటికిని “అవును” అనగలిగిన యెడల అది నిరాకరణము. ఒక్కదానికి “కాదు” అనినను అది ఎగవేతయే. ఓటు ద్వారా మార్గము తెరిచియున్న చోట నిరాకరణమునకు పూనుకొనుటకు ముందు మరింత ఆలోచింపవలెను.

6. నేటికిని పీట లేనివారు

మరియొక విషయము చెప్పి ముగించెదను. నేడు ఈ నగరమున మేడలు కట్టుచున్న పరదేశ శ్రామికులలో తెలుగు మాటలాడువారును కలరు. వారిని పనిలో ఉంచుకొన్న యజమాని ప్రతి నెల తలకు ఇంత అని ప్రభుత్వమునకు లెవీ చెల్లించును. సబ్బు కొనినను, టీ త్రాగినను వస్తు సేవల పన్ను వారి మీదను పడవచ్చును. వారికి ఓటు లేదు. 1907 నాటి మన తాతల చిత్రము ఇందు కొంత కనబడుట లేదా? కాలము మారినది, శాసనములు మారినవి, వారి రక్షణకు చట్టములు వచ్చినవి. అయినను తమ మాట తాము సభలో చెప్పుకొనలేనివారు వారు.

పన్ను కట్టుటతో పౌరుని ఋణము తీరిపోదు. ఆ ధనము ఎవరి కష్టము నుండి వచ్చెను, ఎవరి మేలునకు పోవుచున్నది అని అడుగుట కూడ పౌరధర్మమే. కూలీల మనుమలమైన మనము ఆ ప్రశ్నను అడుగకున్నచో మరెవ్వరు అడుగుదురు?

ఇంటిలో కూడి చర్చింపవలసిన ప్రశ్నలు

1. చీరాల ప్రజలు ఊరు విడువక, రహస్యముగా పన్ను ఎగవేసియున్నచో వారిని మనము నేడు స్మరించెడివారమా? ఏల?

2. మీ ఇంటిలోనికి వచ్చు రాబడిలో లెక్కకు రానిదేదైనను కలదా? దానిని గూర్చి పిల్లల ఎదుట ఎట్లు మాటలాడుచున్నారు?

3. రాబడిపై పన్ను, కొనుగోలుపై పన్ను అను రెండింటిలో ఏది ఎక్కువ న్యాయము? మీ కారణములను చెప్పుడు.