నాలుగున్నరకు లేపితే చదువు బుర్రకెక్కుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కాలేజీలో స్టడీ అవర్స్ అయి ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. తొమ్మిదింటికి కాఫీ తాగి కూర్చుంటే ఒంటిగంట దాకా హోంవర్కు, మర్నాటి స్లిప్ టెస్టు. పెందలాడే పడుకోమంటే నిద్ర రావడం లేదంటాడు. తెల్లవారుజామున చదివితే బాగా గుర్తుంటుందని వాళ్ల నాన్న నాలుగున్నరకే లేపుతున్నారు. లేచి పుస్తకం మీదే తూగుతున్నాడు. మార్కులు కూడా తగ్గాయి. జ్ఞాపకశక్తికి ఏదైనా టానిక్ రాస్తారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: టానిక్ రాయనమ్మా. మీ లెక్క ప్రకారమే అబ్బాయి పడుకునేది మూడున్నర గంటలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అందులో సగం కూడా దక్కడం లేదు. తూగక ఏం చేస్తాడు?

నిద్ర రావడం లేదంటే సాకు చెబుతున్నాడనుకోకండి. నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోను ఈ వయసులో ఆలస్యంగా విడుదలవుతుంది. చాలామందికి పదిన్నర, పదకొండు దాటితే గానీ కన్ను మూతపడదు. ఇక నాలుగున్నర అంటే వాళ్ల ఒంటికి అర్ధరాత్రి కిందే లెక్క. దీనికి తోడు మీ కాఫీ. తొమ్మిదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి రెండింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. వాళ్ల నాన్నగారు చిన్నప్పుడు తెల్లవారుజామునే లేచి చదివి ఉండొచ్చు. కాదనను. కానీ ఆయన రాత్రి ఎన్నింటికి పడుకునేవారో ఒకసారి అడగండి.

పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర కోసేస్తే చదివిన గంటలు పెరుగుతాయి, నిలిచేది తగ్గుతుంది. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి మైనస్ ఒకటి. నిద్ర చాలని పిల్లలు వచ్చిన లెక్కల్లోనే పోగొట్టుకుంటారు. ప్లస్ వెయ్యాల్సిన చోట మైనస్ వేస్తారు. ‘సరికానిది ఏది’ అన్న ప్రశ్నని ‘సరైనది ఏది’ అని చదివేస్తారు. గత నెల టెస్టు పేపర్లు తీసి చూడండి, ఇలాంటివి ఎన్నున్నాయో మీకే తెలుస్తుంది.

ఈ రాత్రి నుంచే నాలుగున్నర అలారం తీసేయండి. ఆరున్నర వరకు పడుకోనివ్వండి. పుస్తకం మూసే వేళని రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరుపుతూ పదిన్నరకు తీసుకురండి. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ వద్దు. సెల్‌ఫోన్ మీ గదిలో ఛార్జింగ్ పెట్టండి. ‘డౌట్స్ గ్రూపు’ పేరుతో పన్నెండింటి దాకా నడిచేది చదువు ఒక్కటే కాదని మీకూ తెలుసు. సెలవు రోజున ఇంకో గంట పడుకున్నా పర్లేదు గానీ, మధ్యాహ్నం దాకా పడుకుంటే ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టదు.

హోంవర్కు మిగిలిపోతుందంటారు. మిగలనివ్వండి. రాత్రి ఎనిమిదిన్నర దాకా కాలేజీకే పోతుంటే, ఇంటికి పంపే పని తగ్గించమని అడగాల్సింది మీరు. భార్యాభర్తలిద్దరూ వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. అడిగే తల్లిదండ్రులు తక్కువ కాబట్టే ఈ పద్ధతి ఇలా సాగుతోంది.

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు, మెలటోనిన్ బిళ్లలు మాత్రం వేయకండి. నెల రోజులు సరిగ్గా పడుకున్నా పగలు మత్తుగానే ఉంటే, గురక పెడుతుంటే డాక్టర్‌కి చూపించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అప్పుడు ఆలోచిద్దాం.

ఇంకొకటి. బాబు రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి అన్నా పరీక్షలయ్యాక చూద్దామనుకోవద్దు. వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది. కాల్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.