సౌండు తగ్గించి విను

గోల్నాక

చిరంజీవి మేనకోడలికి,

మొన్నటి ఉత్తరంలో మూడు పేజీలు నీ పాటల్లోని కిక్కు డ్రమ్ము గురించీ బేసు గురించీ రాసి, చివర్న ఒక్క ముక్క విసిరావు. రాత్రి హెడ్‌ఫోన్ తీసి పడుకుంటే కాసేపు చెవుల్లో జుయ్యిమంటోందని. ఆ ముక్క మీ అమ్మకు చెప్పి ఉండవు. చెప్పి ఉంటే ఈపాటికి నీ హాస్టల్ గేటు దగ్గరుండేది. స్కాలర్‌షిప్పు డబ్బుతో పెద్ద స్పీకర్లు కొనబోతున్నావన్న కబురు వేరే దారిలో వచ్చింది. ఏ దారో అడగకు. క్యాంపస్ ఇంత దగ్గర పెట్టుకుని ఉత్తరం ఏమిటంటావేమో. ఎదురుగా చెబితే "సరే మామయ్యా" అని నవ్వి తార్నాక బస్సెక్కేస్తావు కదా, అందుకని. సంగీతం మానమని అనటం లేదు బిడ్డా. ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతం, అదే ఈడీఎం, అనగానే మొహం చిట్లించే పెద్దల లెక్కలో నన్ను వెయ్యకు. నేనడిగేది ఒక్కటే. నేర్చుకునే ఈ రోజుల్లో, పక్కన కూర్చున్న మనిషి గొంతు పెంచకుండా మాట్లాడితే నీకు వినిపించేంత సౌండులోనే పని చెయ్యి. ఇది చెవుల డాక్టరు చెప్పే మాటలా ఉంది గానీ, నేను ముందుగా చెప్పేది పనితనం గురించే.

మన చెవి అన్ని స్వరాలనూ ఒకే తూకంతో వినదు. అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో హార్వీ ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి పెట్టారు. ఆ గీతలను తర్వాతి వాళ్లు సవరించారు గానీ సారం మారలేదు. 1000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్‌లో ఎంత గట్టిగా వినిపిస్తుందో, కిక్కు ఉండే 50 హెర్ట్జ్ దగ్గర అంత గట్టిగా వినిపించాలంటే దాదాపు 78 డెసిబెల్స్ కావాలి. సౌండు పెంచేకొద్దీ ఈ తేడా తగ్గుతూ వస్తుంది, బేసు దానంతటదే నిండుగా వినిపిస్తుంది. అంటే నువ్వు రాత్రి పదకొండుకు వాల్యూమ్ పైకి తోసి "అబ్బ, బేసు కుదిరింది" అనుకున్నప్పుడు అక్కడ పని చేసింది నీ మిక్సు కాదు, నీ చెవి నిర్మాణం. అదే పాటను పొద్దున్నే నీ స్నేహితురాలు మామూలు సౌండులో వింటే బేసు ఏమైపోయిందని అడుగుతుంది. "అందరి ట్రాకుల ముందు నాది పేలవంగా ఉంది" అని నువ్వు రాసిన బాధలో సగం ఇక్కడే ఉందని నా అనుమానం.

మిగతా సగం అలసట. గట్టి శబ్దం సోకగానే మధ్య చెవిలోని చిన్న కండరం బిగుసుకుని లోపలికి పోయే శబ్దాన్ని కొంత అడ్డుకుంటుంది. గంటలకొద్దీ వింటే వినికిడి కొన్నాళ్లపాటు కాకపోయినా కొన్ని గంటలపాటు మొద్దుబారుతుంది, అదీ ముఖ్యంగా పై స్వరాల వైపు. అప్పుడు హై-హ్యాట్ చాలలేదనిపించి ఇంకాస్త పెంచుతావు, మర్నాడు వింటే అది చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. దీనికి తోడు ఇంకో మాయ ఉంది. ఒకే ధ్వనిని రెండుసార్లు వినిపించి, రెండోదాన్ని ఒక్క డెసిబెల్ పెంచితే చాలామంది "రెండోది బాగుంది" అంటారు గానీ "గట్టిగా ఉంది" అనరు. కొత్త ప్లగిన్ తగిలించగానే పాట మెరుగైనట్టు అనిపించేది చాలాసార్లు అది సౌండును రవ్వంత పెంచినందుకే. ప్లగిన్ పెట్టకముందూ పెట్టాకా సౌండు సమానం చేసి పోల్చి చూడు, నువ్వు కొనాలనుకున్న వాటిలో సగం అక్కర్లేదని తేలుతుంది. ఉప్పు తక్కువైన కూరలో కారం గుప్పిస్తే లోపం తెలియనట్టే ఇదీ.

నువ్వు అనబోయేది నాకు తెలుసు. ఇది కూర్చుని వినే సంగీతం కాదు, గుండెల్లో అదరాలి, కాళ్లు లేవాలి, చిన్న సౌండులో ఊపు ఎలా వస్తుందని. సగం నిజమే. షికాగోలో 1977లో తెరిచిన వేర్‌హౌస్ క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ పాటలు నడిపినప్పుడు జనం ఆ పెద్ద బాక్సుల ముందు ఒంటితో కూడా విన్నారు. కానీ ఊపు పుట్టేది బాక్సులోనా? మన ఊరి సంగతే తీసుకో. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళంలో పనిచేసి ఏసీ గార్డ్స్‌లో నిలిచిపోయిన సిద్దీలు, హద్రమౌత్ నుంచి వచ్చి బార్కాస్‌లో స్థిరపడ్డ అరబ్బులు ఈ నగరానికి మర్ఫా వాద్యం ఇచ్చారు. తోలు, కర్ర, చేతులే దానికి ముఖ్యమైన సరంజామా. బోనాల ముందు నడిచే డప్పుకు కరెంటుతో పని లేదు. అయినా తీన్మార్ మొదలైతే పెళ్లి బరాత్‌లో షేర్వానీ వేసుకున్న పెద్దమనిషి కాలు కూడా ఆగదు. ఆ కదలికకు కారణం దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న తేడా. ఒకటి నిండుగా పడుతుంది, ఒకటి తగిలీ తగలనట్టు పోతుంది, ఒకటి రావలసిన చోటికి వెంట్రుకవాసి ముందే వస్తుంది.

ఇది నీ కంప్యూటర్లోకి ఎలా వస్తుందో ఆలోచించు. నువ్వు వాడే ఎఫ్ఎల్ స్టూడియో తెరవగానే 16 గడుల వరస కనిపిస్తుంది, అంటే నాలుగు బీట్లు, ఒక్కోటీ నాలుగు ముక్కలు. షికాగో హౌస్‌కు అది ఒంటికి కుట్టించిన బట్ట. మన తీన్మార్‌ది ఆరు మాత్రల నడక, ఒక్కో బీటు మూడు ముక్కలు కావాలి. ఆస్కార్ తెచ్చిన కీరవాణి 'నాటు నాటు' కూడా ఆ నడకదే. కొత్తవాళ్లు దాన్ని 16 గడుల్లో ఇరికించి, నడక చచ్చిపోయిందని గమనించక, ఆ లోటు పూడ్చటానికి కిక్కును ఇంకా గట్టిగా కొడతారు. సెట్టింగుల్లో బీటును మూడుగా విడగొట్టుకుని 12 గడులతో మొదలుపెట్టు. తర్వాత ఏ దెబ్బ బలం ఎంతో మార్చు, ఒకటి రెండింటిని గడి మీద నుంచి కొన్ని మిల్లీసెకన్లు పక్కకు జరుపు. ఆ జరిపిన తేడా సౌండు తక్కువగా ఉన్నప్పుడే పట్టుబడుతుంది. గట్టిగా పెట్టి, పైన లిమిటర్ కూడా బిగిస్తే మెత్తని దెబ్బా గట్టి దెబ్బా ఒకే ఎత్తుకు వచ్చి కూర్చుంటాయి. నాలుగు బార్ల దరువు చిన్న సౌండులో నీ తల ఊపించలేదంటే లోపం దరువులో ఉంది. పది వేల వాట్లు దాన్ని దాస్తాయి, బాగుచెయ్యలేవు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది, దాన్ని దాటవెయ్యను. చిన్న సౌండులో బేసు చెవికి తక్కువ వినిపిస్తుందని నేనే చెప్పాను కదా, అప్పుడు నువ్వు బేసును అవసరానికి మించి పెంచేస్తావు కదా? పెంచుతావు, పక్కన కొలబద్ద లేకపోతే. నీకు బాగా నచ్చిన, జనం మెచ్చిన ఒక ట్రాకును అదే ప్రాజెక్టులో పెట్టుకుని, నీదీ దానిదీ సౌండు సమానం చేసి, ఆ చిన్న సౌండులోనే మార్చి మార్చి విను. చెవి చేసే మోసం రెండింటికీ సమానం కాబట్టి పోలికలో అది కొట్టుకుపోతుంది. స్పెక్ట్రమ్ చూపించే ప్లగిన్ ఎటూ ఊరికే దొరుకుతుంది, కింది స్వరాలకు కంటి సాయం తీసుకో. పని ముగించే ముందు ఒక్క నిమిషం సౌండు పెంచి చూసుకో, నేనేమీ అనను. ఫోను స్పీకరు 200 హెర్ట్జ్ కింద దాదాపు మూగది కాబట్టి, బేసుకు కాస్త శాచురేషన్ ఇచ్చి పై హార్మోనిక్స్ పుట్టించు. అడుగు స్వరం లేకపోయినా చెవి దాన్ని ఊహించుకుంటుంది.

స్పీకర్ల సంగతికి వస్తున్నాను. మూడు మీటర్ల గదిలో గోడకూ గోడకూ మధ్య నిలబడిపోయే మొదటి అల దాదాపు 57 హెర్ట్జ్. సరిగ్గా నీ కిక్కు కూర్చునే చోటు. గోడ పక్కన అది ఉబ్బుతుంది, గది నడిమధ్యన మాయమవుతుంది. కుర్చీ రెండడుగులు జరిపితే పాట మారిపోయే గదిలో పెద్ద స్పీకర్లు ఎంత కింది స్వరాన్ని పలికితే నీకు అంత అబద్ధం చెబుతాయి. పైగా హాస్టల్. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. చదువుల సంస్థ చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట 50, 40. పక్క గదిలో గ్రూప్స్‌కు చదివే పిల్ల నీ డ్రాప్ కోసం ఎదురుచూడదు. ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్ ఒకటి కొని, మిగిలింది దాచుకో, లేదా వేళకు తిను. మెస్‌లో రాత్రి భోజనం మానేస్తున్నావని కూడా కబురొచ్చింది.

పరికరాలు లేకపోతే పెద్దవాళ్లలా చెయ్యలేనంటావా? బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు 1982లో రోలండ్ కంపెనీ యంత్రాలు మూడే పెట్టుకుని, టీఆర్-808, టీబీ-303, జూపిటర్-8, పది రాగాలను డిస్కో బీటు మీద నడిపాడు. షికాగోలో ఫ్యూచర్ బృందం 'యాసిడ్ ట్రాక్స్' అదే 303తో వెలువరించింది ఐదేళ్ల తర్వాత, 1987లో. సింగ్ రికార్డు అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ వచ్చాక లోకం ఉలిక్కిపడింది. ఆ మూడు యంత్రాలు చేసే పనిని మించి నీ లాప్‌టాప్ చేస్తుంది. అందుకని నాలుగే ధ్వనులతో ఒక్క పాట మొదలు నుంచి చివరిదాకా పూర్తి చెయ్యి. ఎనిమిది బార్లు చేసి వదిలేసిన ప్రాజెక్టులు ఎన్ని ఉన్నాయో నేను అడగను, నువ్వూ చెప్పకు.

ఇక "అందరి ట్రాకులూ గట్టిగా ఉన్నాయి" అన్న మాట. పాటను లిమిటర్ కింద నలిపి గట్టిదనం పెంచితే స్పాటిఫై దాన్ని గట్టిదనాన్ని కొలిచే లెక్కలో దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరకు దించేస్తుంది. గట్టిదనం పోతుంది, నలిగిన దరువు మాత్రం మిగులుతుంది. డీజే బండ్ల కోసమే చేస్తున్నానంటావా, హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరు 1న మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. ఆ నిషేధం మంచిచెడ్డలు వేరే సంగతి. బండి ఆగినా అమ్ముడుపోయే పనితనం ఉండాలన్నదే నా లెక్క.

సౌండు మీద నేను అతిగా సాగదీస్తున్నానని మీ అత్త అంటోంది. అతే. కానీ లోపలి చెవిలో ఉండే వెంట్రుక కణాలు పోతే మళ్లీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చు, 90 అయితే నాలుగు గంటలే. నువ్వు రోజుకు ఎన్ని గంటలు వింటున్నావో నీకే తెలుసు. జుయ్యిమనటం అలవాటైపోయిందని మాత్రం అనకు తల్లీ.

కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించుకుందాం. ఏ రోజు క్లాసులు లేవో రాయి, నేనే వచ్చి తీసుకెళతాను, మీ అమ్మకు ఇప్పుడే చెప్పను. అందాకా హెడ్‌ఫోన్ ముట్టకు. సకినాల డబ్బా మీ అత్త కట్టి ఉంచింది, అదీ తెస్తాను. నీ పాట ఎంత దాకా అయితే అంత దాకా పెన్‌డ్రైవ్‌లో వేసుకురా, పన్నెండు గడులదో పదహారు గడులదో నేను విని చెబుతాను.

మీ మామయ్య