క్యాన్సరు రోగియు మద్యపానమును: మన కుటుంబముల కొరకు ఒక పాఠము



ఈ నెల పాఠము మద్యపానము తప్పా ఒప్పా అనే చర్చ కాదు. ఆ సంగతి మన సంఘములలో చాలాసార్లు విన్నాము. "మీకు క్యాన్సరు ఉన్నది" అని డాక్టరు చెప్పిన తరువాత కూడా తాగితే ఏమవుతుంది, మానితే ఏమి మేలు, ఎలా మానాలి, ఇంటివారూ సంఘపెద్దలూ ఏమి చేయాలి అనేవే నేటి అంశములు. ముందుగా నేను చేసిన తప్పు ఒకటి చెప్పి పాఠములోనికి వెళ్తాను.

1. ఒక ప్రశ్న అడిగిన తీరు

కొన్ని సంవత్సరముల క్రిందట మన సహోదరుడొకరికి గొంతులో క్యాన్సరు అని తేలింది. ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషను చేయాలన్నారు. ఆయనకు తెలుగు తప్ప వేరే భాష రాదు. డాక్టరు గారికి తెలుగు రాదు. ఇద్దరి మధ్య మాట అందించటానికి నేను కూర్చున్నాను. "రోజుకు ఎంత తాగుతారో అడగండి" అన్నారు డాక్టరు గారు ఇంగ్లీషులో. నేను ఆయన వైపు తిరిగి, "మీకు అలాంటి అలవాటేమీ లేదు కదా?" అన్నాను. "లేదు మాస్టారూ" అన్నారాయన. అదే డాక్టరు గారికి చెప్పాను. ప్రక్కన ఆయన భార్య తల వంచుకొని కూర్చున్నది.

ఆపరేషను బాగానే జరిగింది. మూడవనాటి రాత్రి ఆయనకు ఒళ్ళంతా వణుకు, చెమటలు పట్టుకొన్నవి. గోడ మీద లేని పురుగులు కనబడుతున్నవన్నారు. ముక్కులో పెట్టిన గొట్టము పీకివేశారు. నలుగురు పట్టుకొనవలసివచ్చింది. అప్పుడు ఆ సహోదరి వరండాలో నాతో, "మాస్టారు గారూ, ఆయన ఇరవై ఏళ్ళుగా రోజూ రాత్రి ఒక క్వార్టరు తాగుతారు. మీరే అడుగుతుంటే మీ ముందు ఎలా చెప్పమంటారు?" అని ఏడ్చింది. వెంటనే పరుగెత్తి డ్యూటీ డాక్టరుకు చెప్పాను. అది మద్యము ఒక్కసారిగా ఆగినందువలన వచ్చిన స్థితి అని గ్రహించి మందులు మార్చారు. ఆయన బ్రతికారు గాని, కుట్లు విడి పది రోజులు ఎక్కువ ఆసుపత్రిలో ఉండవలసివచ్చింది.

ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠములు చెప్పినవాడను. జవాబును కడుపులో పెట్టుకొన్న ప్రశ్న ప్రశ్నే కాదని ట్రైనింగు కాలేజీలోనే మాకు నేర్పారు. అయినా సంఘపెద్దగా నా ముఖము చూసి ఒక మనిషి అబద్ధము చెప్పేటట్లు అడిగాను. ఈ పాఠము వ్రాయటానికి అదే కారణము.

2. మద్యము శరీరములో ఏమి చేస్తుంది?

సారా, కల్లు, బీరు, విస్కీ, వైను, పేరు ఏదైనా వాటిలోని మత్తు పదార్థము ఒక్కటే: ఇథైల్ ఆల్కహాలు. శరీరము దానిని మొదట అసిటాల్డిహైడు అనే విషపదార్థముగా మార్చి, తరువాత విరిచివేస్తుంది. ఈ విషము జీవకణములోని డి.ఎన్.ఎ.ను దెబ్బ తీస్తుంది, ఆ దెబ్బ బాగుపడకుండా కూడా అడ్డుపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయములను క్యాన్సరు కలిగించే వాటి మొదటి వర్గములో చేర్చింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీల రొమ్ము: ఈ భాగములలో క్యాన్సరుకు మద్యము కారణమవుతుందని తేలింది.

పొగాకు తోడైతే ప్రమాదము కూడిక కాదు, హెచ్చవేత. మద్యము నోటిలోని పొరను మెత్తబరచి పొగాకు విషములను లోపలికి దింపుతుంది. శ్రీకాకుళము, గంజాము తీరములలో మన పెద్దవాళ్ళు కొందరు చుట్ట నిప్పును నోటిలో పెట్టుకొని అడ్డపొగ తాగటము ఎరుగుదుము. అటువంటివారు మద్యము కూడా ముట్టుకొంటే సంగతి చెప్పనక్కరలేదు.

"నేను బీరే కదా తాగేది" అనేవారి కొరకు చిన్న లెక్క. విస్కీ, బ్రాందీలలో సాధారణముగా నూటికి 42.8 పాళ్ళు ఆల్కహాలు. 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాములు, 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాములు ఉంటుంది. 8 శాతము ఉండే స్ట్రాంగు బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 41 గ్రాములు. అంటే ఒక్క సీసా నాలుగు పెగ్గులకు సమానము.

3. "రావలసినది వచ్చేసింది, ఇప్పుడు మానితే ఏమి లాభము?"

ఈ మాట రోగుల నోట తరచుగా వింటాము. లాభమున్నది. క్రమముగా చూతము.

ఆపరేషను: ఎక్కువగా తాగేవారికి రక్తస్రావము, గాయమునకు చీము పట్టుట, గుండె ఇబ్బందులు అధికము. 1999లో డెన్మార్కు డాక్టర్లు ఒక పరిశోధన ప్రకటించారు. పెద్దప్రేగు ఆపరేషనుకు వచ్చిన, రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా తాగే 42 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపువారు వైద్యుల పర్యవేక్షణలో ఒక నెల ముందు మానివేశారు. రెండవ గుంపువారు యథాప్రకారము తాగారు. ఆపరేషను తరువాత చిక్కులు మానినవారిలో నూటికి 31 మందికి, మాననివారిలో 74 మందికి వచ్చినవి. 60 గ్రాములంటే మన లెక్కలో క్వార్టరు అని గుర్తుంచుకొనండి. ఒక్క నెల మానినందుకే అంత తేడా!

రేడియేషను: నోటికి, గొంతుకు కరెంటు పెట్టించుకొనేవారికి లోపలి పొర పుండవుతుంది. దాని మీద మద్యము పోయటము పుండు మీద కారము చల్లటమే. ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్ కూడా వాడరాదు. డాక్టరు చెప్పిన ఉప్పు-వంటసోడా నీళ్ళు మేలు.

కీమో మందులు: వీటిలో చాలా వాటిని విరిచి బయటికి పంపేది కాలేయమే. మెథోట్రెక్సేటు వంటి మందుతో మద్యము కలిస్తే కాలేయము చెడే ప్రమాదము పెరుగుతుంది. వాంతులు, నీరసము, నీరు తగ్గిపోవుట ఎక్కువవుతవి. కాలేయము పాడైతే మందు మోతాదు తగ్గించవలసివస్తుంది.

నొప్పి మందులు: మార్ఫిన్ వేసుకొని మద్యము తాగితే ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చును.

రెండవ క్యాన్సరు: నోరు, గొంతు క్యాన్సరు నయమైన తరువాత కూడా తాగుతూ ఉన్నవారికి ఆ దారిలోనే మరొక క్రొత్త క్యాన్సరు పుట్టే అవకాశము హెచ్చు. రొమ్ము క్యాన్సరు తిరగబెట్టుటను గూర్చి పరిశోధనల ఫలితములు ఒకే తీరుగా లేవు. అయినను రెండవ రొమ్ములో క్రొత్తది రాకుండా మానుటే మంచిదని వైద్యుల సలహా.

ఇది మన ఊళ్ళ సమస్య మాత్రమే కాదు. క్యాన్సరు వచ్చిన 15 వేలమందికి పైగా అమెరికావారిని గూర్చి 2023లో వెలువడిన పరిశోధనలో నాలుగింట మూడు వంతులకు మించి ఇంకా తాగుతున్నట్లు తేలింది. 2025 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న డాక్టరు వివేక్ మూర్తి, కర్ణాటక మూలములున్నవారు, మద్యము సీసాల మీద క్యాన్సరు హెచ్చరిక ముద్రించాలని సలహా ఇచ్చారు.

4. ఎలా మానాలి?

ఇక్కడ ఒక జాగ్రత్త. ఏండ్ల తరబడి రోజూ తాగేవారిని "ప్రమాణము చేసి నేటి నుండి మాను" అని ఇంటిలో బంధించరాదు. ఆపిన కొద్ది గంటలకే వణుకు, చెమటలు మొదలవుతవి. రెండు రోజులలోపు మూర్ఛ రావచ్చును. రెండు నుండి నాలుగు రోజులలో మతి చలించి ప్రాణాపాయము కలుగవచ్చును. అందుకు మందులున్నవి. బి-1 విటమినుతో సహా డాక్టరు ఇస్తారు. కాబట్టి ఆపరేషను తేదీ నిర్ణయించేనాడే నిజము చెప్పి, ఆయన సలహాతో మానాలి. ప్రభుత్వము వారి ఉచిత సహాయ నంబరు 14446కు ఫోను చేసి దగ్గరి డీ-అడిక్షన్ కేంద్రమును తెలిసికొనవచ్చును.

5. దుబాసీలకు, సంఘపెద్దలకు

మనవారు అడయారు, కిద్వాయ్, టాటా, కటక్, జిప్‌మెర్ ఆసుపత్రులకు వెళ్తారు. అక్కడ మన మాట దాటించేది కొడుకో, మేనల్లుడో, నావంటి పెద్దో. తండ్రి పరువు కాపాడాలని కొడుకు "అప్పుడప్పుడు కొంచెము" అంటాడు. ఆ "కొంచెము" వలన డాక్టరు చేతికి తప్పు లెక్క అందుతుంది. డాక్టరు అడిగినది అడిగినట్లే అడగండి. ఏమి తాగుతారు? ఎంత? ఎన్నాళ్ళుగా? చివరిసారి ఎప్పుడు? పెద్దలు ఆ ప్రశ్న వచ్చినప్పుడు లేచి గది బయటికి వెళ్ళటము మర్యాద.

పౌలు తిమోతికి కడుపు నిమిత్తము కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మన్నాడు గదా అని కొందరు అడుగుతారు. అది ఒక మనిషికి ఒక జబ్బు విషయమై ఇచ్చిన సలహా. దానిని క్యాన్సరు వార్డులో మందుచీటీగా చూపరాదు.

అలాగే, రోగి మంచము ప్రక్కన నిలబడి "తాగావు గనుక వచ్చింది" అనవద్దు. ఎన్నడూ ముట్టనివారికీ క్యాన్సరు వస్తున్నది. నిందకు భయపడినవాడు దాచుతాడు. దాచినవాడు చికిత్సలో నష్టపోతాడు.

ఆ సహోదరుడు తరువాత మానివేశారు. ఒకనాడు మా ఇంటికి వచ్చి, మాట రాని గొంతుతో పలక మీద వ్రాసి చూపించారు: "ఆ రోజు మీరు బయటికి వెళ్ళి ఉంటే చెప్పేవాణ్ణి." ఆ పలక ఇప్పటికీ నా కండ్ల ముందున్నది.

చర్చకు ప్రశ్నలు

1. మన ఇంటిలో రోగి నిజము చెప్పటానికి ఎవరిని చూసి భయపడుతున్నాడు?
2. రోజూ తాగే వ్యక్తి ఒక్కసారిగా మానితే ఏ లక్షణములు కనబడవచ్చును? అప్పుడు ఏమి చేయాలి?
3. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగు బీరు ఎన్ని పెగ్గులకు సమానము? పిల్లలచేత లెక్క కట్టించండి.
4. ఆసుపత్రికి తోడు వెళ్ళేవారికి మన సంఘము ఏమి నేర్పగలదు?