మీ ఇంటి గోడకు ఏ డ్రిల్లు?

మా అనంతపురం వైపు డ్రిల్లింగ్ అంటే ముందు గుర్తొచ్చేది బోరు బండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేదు. కింద చూస్తే గ్రానైటు. ఆ రాతిలోకి బోరు ఎలా దిగుతుందో తెలిస్తే, ఇంటికి ఏ డ్రిల్లు కొనాలో సగం తెలిసినట్టే.

కంప్రెసర్ గాలి అడుగునున్న హ్యామర్‌ను ఆడిస్తుంది. అది కొడుతుంటే రాడ్లు నిదానంగా తిరుగుతుంటాయి. తిరగడం ఎందుకంటే, ప్రతి దెబ్బా కొత్త చోట పడాలని. అదే గాలి పొడిని పైకి ఊదేస్తుంది. అంటే రాయి దెబ్బకు లొంగుతుంది. ఇనుము అట్లా కాదు, దెబ్బకు సొట్ట పడుతుంది, కోతకే లొంగుతుంది.

అంగట్లో రెండు రకాల మిషన్లుంటాయి. ఇంపాక్ట్ డ్రిల్లులో రెండు పళ్ల చక్రాలు ఒకదానిమీద ఒకటి జారుతూ గటగటలాడతాయి. నిమిషానికి వేల దెబ్బలు పడతాయి గానీ ఒక్కొక్కటీ చిన్నది, మనం గట్టిగా నొక్కి పట్టాలి. ఇటుకకు, సిమెంటు పూతకు ఇది చాలు. రోటరీ హ్యామర్‌లో పిస్టన్‌కూ దిమ్మెకూ మధ్య చిక్కిన గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. దెబ్బలు తక్కువే, బలం ఎక్కువ. గ్రానైటుకూ కాంక్రీటుకూ ఇదే.

మా ఇంట్లో ముందు గది పాత రాతిగోడ, వంటగది ఇటుక. పనులేమో వంటగదిలో అల్మారా, రాతిగోడకు పైపు క్లాంపులు, నీళ్ల డ్రమ్ము స్టాండుకు యాంగిల్లో రంధ్రాలు. వేరుశనగ చేతికొస్తేనే కొత్త వస్తువు కొనే ఇల్లు మాది, రెండు మిషన్ల మాటే లేదు. అందుకే మా నాయనకు చెప్పినాను: 13 మిల్లీమీటర్ల చక్, వేగం తగ్గించుకునే వీలు, దెబ్బ ఆపే మీట ఉన్న ఇంపాక్ట్ డ్రిల్లు కొందాం, రాతిగోడకు ఒక పూట రోటరీ హ్యామర్ బాడుగకు తెద్దాం.

ఇనుముకు దెబ్బ ఆపి, హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు వేయాలి. ముందు పంచ్‌తో గుర్తు కొట్టి, ఒక చుక్క నూనె వేయాలి. మెత్తటి ఉక్కుకు కోత వేగం నిమిషానికి 30 మీటర్లు అనుకుందాం. 10 మిల్లీమీటర్ల బిట్టుకు 30,000ను 31.4తో భాగిస్తే సుమారు 955 ఆర్‌పీఎం. 6 మిల్లీమీటర్లకు 1,590. 10 మిల్లీమీటర్ల బిట్టును 3,000 మీద తిప్పితే నీలం తిరిగి మొన పోతుంది.

రాతి పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే ఆ నష్టం మానదు. టవల్ చుట్టుకుంటే చాలదు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు ఉండాల్సిందే. చేతికి గ్లవ్స్, మెడలో చున్నీ వద్దు, చక్‌కు చుట్టుకుంటాయి. ఎండిన నేలలో ఎర్తింగ్ బలహీనపడుతుంది కాబట్టి, చతురస్రంలో చతురస్రం గుర్తున్న డబుల్ ఇన్సులేషన్ మిషనే తీసుకోండి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా, కిందా రంధ్రం వేయొద్దు.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు గోడలో పాత మేకు రంధ్రం చూడండి. ఎర్రపొడి రాలితే ఇటుక. బూడిదరంగు గట్టి రాయి తగిలితే బాడుగ మిషన్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి.