ఫ్రెంచి భాషాధ్యయనమునకు సన్నాహము

పరభాష నొకదానిని రెండు మూడేండ్లు చదివిన విద్యార్థి తన కది కొంత పట్టుబడిన దనుకొనుట సహజము. అతడు ఆ భాషలో తన పేరు, ఊరు చెప్పగలడు, అంగడిలో వెల యడుగగలడు, దారి తెలిసికొనగలడు. కాని ఆ భాషలోని కథ నొకదానిని చదివి, దాని గుణదోషములను ఆ భాషలోనే వివరింపు మన్నచో అతనికి నోట మాట రాదు. నేర్చిన వాక్యములను అప్పగించుట యొక మెట్టు. తన తలపును తన మాటలలో చెప్పుట మరియొక మెట్టు. మొదటి మెట్టునుండి రెండవ మెట్టున కెక్కుటకు ముందు చేసికొనవలసిన యేర్పాటునే సన్నాహ మందురు. ఆ సన్నాహ మెట్లుండవలెనో ఫ్రెంచి భాష నుదాహరణముగా గైకొని ఈ పాఠము తెలుపును.

ఇంగ్లండులో విద్యార్థులు సాధారణముగా పదునారవ యేట జీసీఎస్ఈ అను పరీక్షకు కూర్చుందురు. అటుపిమ్మట రెండేండ్లు చదివి, ఏ-లెవెల్ అను ఉన్నత పరీక్ష నిత్తురు. ఈ ఉన్నత పరీక్ష 1951లో ఆరంభమైనది. అచ్చట 2004 నుండి, పదునాలుగేండ్లు దాటినవారికి పరభాషాధ్యయనము నిర్బంధము కాదు. కావున ఫ్రెంచిని ఏ-లెవెల్‌లో చదువువారు తమంత తాము కోరి చదువువారే. వారు ఫ్రెంచి సాహిత్యగ్రంథమునో చలనచిత్రమునో విమర్శింపవలెను. ఫ్రెంచి దేశీయుల సమాజమును గూర్చి తెలిసికొనవలెను. తామే యొక విషయమును పరిశోధించి, పరీక్షాధికారితో ఆ భాషలో సంభాషింపవలెను. మొదటి పరీక్ష జూను మాసమున ముగియును. పై తరగతి సెప్టెంబరున మొదలగును. ఆ నడిమి వేసవియే వారికి సన్నాహకాలము.

ఈ విషయము తెలుగువారికి దూరమైనది కాదు. గోదావరీ తీరమున నున్న యానాము తెలుగు ఊరయ్యు 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఇంటర్మీడియెట్ విద్యార్థులు ద్వితీయభాషగా ఎన్నుకొనదగిన భాషలలో ఫ్రెంచియు నొకటి.

సన్నాహమున మొదటి పని పునాదిని సరిచూచుకొనుట. ఫ్రెంచిలో ప్రతి నామవాచకమును పుంలింగమో స్త్రీలింగమో అయి యుండును. సూర్యుడు పుంలింగము, లె సొలెయ్. చంద్రుడు స్త్రీలింగము, లా ల్యూన్. ప్రాణము లేని బల్ల సైతము స్త్రీలింగమే. కావలి కాయు సైనికుడు పురుషుడైనను, వానిని తెలుపు సాంతినెల్ అను పదము స్త్రీలింగము. ఇది వింతగా తోచవచ్చును. కాని సంస్కృతమున భార్య అను అర్థము గల దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకలింగము. లింగము పదమునకు చెందినదే కాని వస్తువునకు చెందినది కాదని గ్రహించినచో చిక్కు వీడును. అందుచే విద్యార్థి ఏ పదమును ఒంటరిగా వ్రాసికొనరాదు. దాని ముందు లె, లా అను గుర్తులలో తగినదానిని చేర్చి, జంటగా వ్రాసికొని, జంటగానే వల్లింపవలెను.

పునాదిలో రెండవ రాయి క్రియ. గడచిన పనిని చెప్పునపుడు ఫ్రెంచిలో ప్రధానక్రియకు సహాయక్రియ తోడగును. పెక్కు క్రియలకు "కలిగియుండు" అను అర్థము గల అవ్వార్ తోడు. పోవుట, వచ్చుట, పుట్టుట, మరణించుట మున్నగు కొన్నింటికి "ఉండు" అను అర్థము గల ఎత్ర్ తోడు. కోరికను, భయమును, సందేహమును తెలుపు వాక్యములలో క్రియ మరియొక రూపము దాల్చును. పై తరగతిలో విస్తారముగా నేర్పబడు ఈ రూపము చాలవరకు వర్తమానకాల బహువచన రూపము నుండియే పుట్టుచున్నది. క్రింది తరగతిలో వర్తమానకాలమును తడబాటు లేక నేర్చినవానికి ఇది సులభము. నేర్వనివానికి ఇసుకపై కట్టిన గోడ.

రెండవ పని చెవికి శిక్షణ నిచ్చుట. ఫ్రెంచిలో వ్రాసిన అక్షరము లన్నియు పలుకబడవు. బస్సులు నిలుపు స్థలమును తెలుగువారు డిపో అందురు. ఇది ఇంగ్లీషు ద్వారా వచ్చిన ఫ్రెంచి పదమే. వ్రాతలో దాని చివర టకారమున్నను పలుకుబడిలో లేదు. మరియు పలుకబడని అక్షరము తరువాతి పదము అచ్చుతో మొదలైనపుడు మేల్కొనుటయు కలదు. లే అనునది బహువచనమును తెలుపు గుర్తు. అమీ అనగా మిత్రుడు. రెండును కలిసినపుడు లేజమీ యగును. తెలుగున "వచ్చె" అని ద్రుతము లోపించినచోటు గలిగియు, అచ్చు పరమైనపుడు "వచ్చె నతడు" అని నకారము నిలుచుట ఎరిగినవానికి ఇది కొత్త కాదు. సంఖ్యలును చెవికి పరీక్షయే. ఫ్రాన్సులో డెబ్బదిని "అరువది పది" అనియు, ఎనుబదిని "నాలుగిరువదులు" అనియు, తొంబది యేడును "నాలుగిరువదుల పదియేడు" అనియు చెప్పుదురు. కాగితముపై చూచి తెలిసికొన్నంత మాత్రమున ఇవి వినబడినపుడు వెంటనే తోపవు. కనుక దినమునకు పావుగంట యైనను ఫ్రెంచి వార్తలనో సంభాషణలనో వినుచుండవలెను.

మూడవ పని ఇంగ్లీషు పోలికలయెడ మెలకువ. ఫ్రెంచిలో లిబ్రేరీ అనగా గ్రంథాలయము కాదు, పుస్తకముల అంగడి, గ్రంథాలయము బిబ్లియోతెక్. "పరీక్ష పాస్సే" అన్నచో పరీక్షకు కూర్చుండుట మాత్రమే. ఉత్తీర్ణుడగుటకు వేరు మాట గలదు. ఈ భేద మెరుగని విద్యార్థి పరీక్ష వ్రాసిన దినముననే గెలిచితినని చెప్పినట్లగును!

నాలుగవ పని చదువుట. తెలిసిన కథతో మొదలుపెట్టుట మేలు. హంసల సాయమున ఆకాశమున కెగిరి, నోరు తెరచి క్రిందపడిన తాబేటి కథ పంచతంత్రమున గలదు. ఫ్రెంచికవి లా ఫొంతేన్ అదే కథను చెప్పెను. అందు హంసలు బాతులైనవి. ఆ కవి 1678లో వెలువడిన తన రెండవ కథాసంపుటమునకు పిల్పే అను భారతీయ జ్ఞానికి ఋణపడితినని తానే తెలిపెను. ఇట్టి కథలను బాలురకై వచనముగ సంగ్రహించిన ప్రతులలో చదువునపుడు, తెలియని పదమును సందర్భమే తెలుపును. పదపదమునకు నిఘంటువు తెరచువాడు కథను మరచును. పుట ముగిసిన పిదప ముఖ్యమైన ఐదారు పదములను మాత్రము వెదకి, వానితో సొంత వాక్యములు వ్రాయవలెను.

ఇట్టి పట్టుదలకు గాంధీ మహాత్ముని విద్యార్థి దశ యొక నిదర్శనము. ఆయన లండనులో న్యాయశాస్త్రము చదువుచు, అచ్చటి మెట్రిక్యులేషను పరీక్షకు కూడ కూర్చుండ నిశ్చయించెను. దానికి లాటినుతో పాటు ఒక ఆధునిక భాష నిర్బంధము. ఆయన ఫ్రెంచిని గైకొనెను. గడువు ఐదు నెలలే. నిమిషములతో సహా కాలపట్టిక వేసికొని చదివెను. అయినను మొదటిసారి లాటినులో తప్పెను. ఆయన నిరుత్సాహపడలేదు, మరల చదివినచో తన ఫ్రెంచియు మెరుగగునని తలచి, తన జీవితమును మరింత సరళము చేసికొని, 1890లో ఉత్తీర్ణుడయ్యెను. అంతకు ముందు హైస్కూలులో సంస్కృతము కష్టమని తలచి పారసీక తరగతికి పోయినపుడు, సంస్కృతోపాధ్యాయుడు పిలిచి మందలించి మరల్చెను. ఒక భాషను శాస్త్రీయముగా నేర్చినవానికి ఇతర భాషలు సులభములగునని ఆయన తరువాత తన ఆత్మకథలో వ్రాసెను.

విద్యార్థులు గ్రహింపవలసిన సారమిదియే. సన్నాహమనగా రాబోవు పాఠములను ముందుగా కంఠస్థము చేయుట కాదు. గడచిన పాఠములలోని బీటలను పూడ్చి, చెవిని, నాలుకను, చేతిని దినదినము మేల్కొలుపుట. మాతృభాష వ్యాకరణమును శ్రద్ధతో చదివినవానికి ఆ పనిలో సగము ముందే ముగిసియుండును. నీవు, మీరు అను భేదము తెలిసిన తెలుగు బాలునకు ఫ్రెంచిలోని త్యు, వూ అను భేదమును ఎవరును బోధింపనక్కరలేదు. తన యింటి దీపము వెలిగించుకొన్నవాడు పొరుగింటి వాకిలిని సులభముగా గుర్తించును.

ప్రశ్నలు

1. పరభాషాధ్యయనములోని రెండు మెట్లకు గల భేదమేమి?
2. లింగము పదమునకే చెందినదని సంస్కృత, ఫ్రెంచి ఉదాహరణములతో నిరూపింపుము.
3. తెలిసిన కథతో చదువు మొదలుపెట్టుట వలని మేలేమి?
4. గాంధీజీ ఫ్రెంచి, లాటిను భాషలను చదివిన విధమును సొంత మాటలలో వ్రాయుము.