పాత ఎలక్ట్రిక్ గిటారు చేతికొస్తే

తిరుప్పూరు బనియన్ కంపెనీల్లో మెకానిక్కులుగా పనిచేసేవాళ్లకు, ఆదివారాలు చేసుకోదగ్గ ఒక రెండో పని గురించి చెప్తాను. ఓవర్‌లాక్ మిషనుకు లూపరు సరిపెట్టడం, టైమింగు కుదర్చడం, కాలిపోయిన వైరు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం మీకు రోజూ ఉండే పనే. పాడైన పాత ఎలక్ట్రిక్ గిటారును మళ్లీ పలికించడానికి కావలసిన పనితనంలో సగానికి పైగా అక్కడే వచ్చేసింది. వెంట్రుకవాసి సందును ఫీలర్ గేజితో కొలవగలరు, తుప్పుపట్టిన చిన్న స్క్రూను తల అరగకుండా విప్పగలరు, మల్టీమీటరు చదవగలరు. కొత్తగా నేర్చుకోవలసింది ఎక్కడ చెయ్యి ఆపాలో. మిషనులో అరిగిన భాగం పీకి కొత్తది వేస్తే ఓనరు సంతోషిస్తాడు. పాత గిటారులో అలా చేస్తే ఆ వస్తువు విలువే పోతుంది. ఒకసారి తీసేసిన పాత పికప్పును (తీగల కదలికను కరెంటుగా మార్చే భాగం), గీకేసిన పాత రంగును మళ్లీ తెచ్చిపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఈ ప్రాంతంలో మీ దగ్గరికి వచ్చేవి ఎక్కువగా చర్చి పాటల బృందాలవి, తిరునాళ్లలో వాయించే ఆర్కెస్ట్రాలవి, తండ్రి పోయాక అటక మీంచి దించినవి. వాటిలో కలకత్తాలో తయారైన గివ్‌సన్‌లు ఉంటాయి, పాత జపాను గిటార్లు ఉంటాయి, ఎప్పుడైనా ఒక అసలైన ఫెండరో గిబ్సనో వస్తుంది. ఏది వచ్చినా మొదటి రోజు చేయవలసిన పని ఒకటే. తుడవకుండా, విప్పకుండా అన్ని వైపులనుంచీ ఫోటోలు తీయండి. తీగలు బిగుతుగా ఉంటే కొద్దికొద్దిగా వదులు చేయండి. మామూలు పది నంబరు తీగల సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు మెడ మీద దాదాపు 45 కిలోల లాగుడు ఉంటుంది. మెడలో పగులుంటే మీరు చూస్తూండగానే అది పెరుగుతుంది.

తర్వాత వెనక మూతో, ముందు ప్లేటో తీసి లోపల చూడండి. అక్కడ చాలా సంగతులు రాసిపెట్టి ఉంటాయి. వాల్యూమ్ నాబు కింద ఉండే పాట్ వీపు మీద కొన్ని అంకెలు కొట్టి ఉంటాయి. అమెరికా గిటార్లలో 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీది, 304తో మొదలైతే స్టాక్‌పోల్‌ది. తర్వాతి అంకెలు సంవత్సరాన్నీ వారాన్నీ చెప్తాయి. 1376612 అని ఉంటే ఆ పాట్ 1966లో పన్నెండో వారంలో తయారైందన్నమాట. అది పాట్ పుట్టిన తేదీ, గిటారు పుట్టిన తేదీ కాదు. ఎవరూ మార్చకుండా ఉంటే మాత్రం గిటారు అంతకంటే పాతది కావడానికి వీల్లేదు. టంకాలు చూడండి. ఫ్యాక్టరీ టంకం పాతబడి మసకబారినా గుండ్రంగా, ఒక తీరుగా ఉంటుంది. తర్వాత ఎవరో పెట్టింది ముద్దగా ఉండి, పక్కన వైరు తొడుగు కాలి ఉంటుంది. ఎక్కడ ఎవరి చెయ్యి పడిందో తెలిశాకే మీ చెయ్యి పెట్టండి.

శబ్దం రావడం లేదని తెచ్చినవాటిలో తప్పు ఎక్కువగా చవక చోటే ఉంటుంది. వైరు గుచ్చే జాకు రేకు వదులై ఉంటుంది, లేదా దాని టంకం ఊడి ఉంటుంది. ముందు అది చూడండి. నాబు తిప్పితే కరకరమంటే పాట్ మార్చకండి. లోపలికి కాంటాక్ట్ క్లీనరు కొద్దిగా కొట్టి ఒక ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు తగ్గిపోతుంది. మిషన్లకు కొట్టే తుప్పు స్ప్రేలు ఇక్కడ వాడొద్దు, వాటి జిడ్డు లోపలే ఉండిపోయి దుమ్మును పట్టేస్తుంది.

అసలు జాగ్రత్త పికప్పు దగ్గర. దాని రెండు కొసలకూ మీటరు పెట్టండి. సింగిల్ కాయిల్ అయితే సుమారు 5 నుంచి 8 కిలో ఓములు, రెండు కాయిళ్ల హంబకర్ అయితే సుమారు 7 నుంచి 9 చూపిస్తే ప్రాణం ఉన్నట్టే. ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగింది. ఆ తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, తలవెంట్రుక అంత. అలాంటిది వేల చుట్లు ఉంటుంది. కోయంబత్తూరులో మోటారు రీవైండింగు షాపులు వీధికొకటి ఉన్నాయి కదా అని అక్కడ ఇచ్చేయకండి. వాళ్లు రోజూ చుట్టే తీగ దీనికంటే ఎన్నో రెట్లు లావు, వాళ్ల బిగువు దీన్ని పుటుక్కున తెంచేస్తుంది. చుట్టించే ముందు ఒక పని చేయండి. కాయిల్ కొస బయటి వైరుతో కలిసే చోటును భూతద్దం కింద చూడండి. పాతవాటిలో చాలాసార్లు తెగేది అక్కడే. పచ్చగా చిలుము పట్టిన టంకం, దానికి ఒక నూలుపోగంత దూరంలో గాలిలో లేచి నిలబడ్డ రాగి కొస కనిపిస్తాయి. పట్టకారుతో ఆ కొసను పట్టుకుని, దాని పూతను చాలా సన్నటి గరుకుకాగితంతో ఒక్కసారి రాసి, సన్నమొన ఐరనుతో క్షణంసేపు తాకిస్తే పికప్పు బతుకుతుంది. అరవై ఏళ్ల కాయిల్ అలాగే మిగులుతుంది. నలభై వాట్లకు మించిన ఐరను దాని దరిదాపులకు తేవద్దు.

అయితే వింతగా పలికే ప్రతి పికప్పూ చెడిపోయినట్టు కాదు. ఇంగ్లండు గిటారిస్టు పీటర్ గ్రీన్ దగ్గర 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ ఒకటి ఉండేది. దాని మెడ దగ్గరి పికప్పులో అయస్కాంతం తిరగబడి ఉండడంతో రెండు పికప్పులూ కలిపితే శబ్దం పలచగా, ముక్కుతో పాడినట్టు వచ్చేది. మీలాంటి మంచి మెకానిక్కు ఎవరైనా దాన్ని సరిచేసి ఉంటే ఆయన పేరు తెచ్చుకున్న నాదమే పోయేది. ఆ గిటారు తర్వాత గిటారిస్టు గ్యారీ మూర్ చేతికి, ఆ పైన ఇంకో గిటారిస్టు కర్క్ హామెట్ చేతికి వెళ్లింది. అందుకని కనిపించిన తప్పునల్లా దిద్దకుండా, వాయించేవాణ్ణి అడగండి. ‘ఇది ఇలా పలుకుతోందన్నా, మీకు ఇలాగే కావాలా?’ అంటే చాలు.

ఇక చెక్క పని. తల విరిగిన గిటారు మీ దగ్గరికి తప్పకుండా వస్తుంది. గిబ్సన్ తరహా గిటార్లలో తల వెనక్కి వాలి ఉంటుంది, పాతవాటిలో 17 డిగ్రీలు. మెడ, తల ఒకే మహాగని ముక్క. మెడ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీ నట్టు కోసం సరిగ్గా ఆ వంపు దగ్గరే చెక్కను తొలిచి ఉంటారు. స్టాండు మీంచి వెనక్కి పడితే అక్కడే చిట్లుతుంది. తాజాగా విరిగితే భయపడవలసిన పని లేదు. ఊడిన పీచులు ఒకదానిలో ఒకటి దూరి అతుక్కోవడానికి సిద్ధంగా ఉంటాయి. వాటిని గీకొద్దు, గరుకుకాగితం పెట్టొద్దు. ముందు జిగురు లేకుండా ఒకసారి కలిపి చూడండి, గీత కనిపించనంతగా కూర్చుంటోందా అని. కూర్చుంటే వడ్రంగులు కాచి వాడే వజ్రం బంకను సుమారు 60 డిగ్రీల వేడి మీద పలచగా, పగులు లోపలి చివరిదాకా పట్టించండి. మామూలు తెల్ల ఫెవికాల్ కూడా పట్టుకుంటుంది గానీ, ఎండలో నిలిపిన వ్యానులో గిటారు మరిచిపోతే మెత్తబడి తీగల లాగుడుకు మెల్లగా జారుతుంది. మన ఎండలకు వజ్రమే మేలు. క్లాంపులు పట్టని ఆ వంపు దగ్గర సైకిలు ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, లాగి లాగి చుట్టండి. ఏ ఇనుప క్లాంపూ అంత సమంగా నొక్కదు. కనీసం ఒక రోజంతా కట్టు విప్పొద్దు, తీగలు ఇంకో రెండు రోజులు ఆగాకే ఎక్కించండి.

ఎవరో అప్పటికే ఫెవిక్విక్ పోసి తెచ్చి ఉంటే అది వేరే కథ. పగులు అంచున తెల్లటి పొక్కు కట్టి ఉంటుంది, పీచులు గాజులా బిగుసుకుపోయి ఉంటాయి. మళ్లీ కలపాలంటే ఆ జిగురు తీయాలి, దాంతోపాటు చెక్కా పోతుంది. మొదట్లో అలాంటి పని ఒప్పుకోకండి. కాదనడం చేతకానితనం కాదు.

మెడ వంకర సరిచేసే ట్రస్ రాడ్ విషయంలో మీ ఫీలర్ గేజే గురువు. మెట్లంటే మెడ మీది ఫ్రెట్లు. మొదటి మెట్టునూ చివరి మెట్టునూ ఒకే తీగ మీద నొక్కి, మధ్యలో ఏడో మెట్టు పైన సందు కొలవండి. పావు మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే చాలు. ఎక్కువుంటే రాడ్‌ను పావు చుట్టు బిగించి, ఒక పూట ఆగి మళ్లీ కొలవండి. నట్టు మొండికేస్తే బలం చూపించొద్దు. లోపల రాడ్ తెగితే మెట్ల పలక మొత్తం పీకాల్సి వస్తుంది. మెట్ల పలకకు చాలామంది కొబ్బరినూనె రాస్తారు, అది ముక్కిపోయి జిడ్డుకట్టి మట్టిని పట్టేస్తుంది. పొడి మెత్తటి బ్రష్షూ, కొద్దిగా తడిపిన గుడ్డా చాలు. పలక బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే, గిటారును దేశం దాటించాలనుకునే యజమానికి ముందే చెప్పండి. 1992 నుంచి ఆ చెక్క అంతర్జాతీయ వర్తకం నిషేధపు జాబితాలో ఉంది, కాగితాలు లేకుండా వెళ్తే కస్టమ్స్‌లో చిక్కుకుంటారు.

రంగు మాత్రం ముట్టుకోకండి. బేరం వచ్చినా, యజమాని బతిమాలినా ఒకటికి రెండుసార్లు ఆలోచించమనండి. 1960ల చివరిదాకా ఫెండర్ ఎక్కువగా వాడిందీ, గిబ్సన్ ఇప్పటికీ వాడుతున్నదీ నైట్రో లక్కరు. అది ఏళ్ల మీద పలచబడుతుంది, సన్నగా చిట్లుతుంది, చెమటకు కరుగుతుంది. ఐర్లండుకు చెందిన గిటారిస్టు రోరీ గల్లాఘర్ 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ చూడండి. ఆయన చెమటకు, వాడకానికి రంగు లేచిపోయి కట్టె బయటపడింది. ఆయన దాన్ని అలాగే జీవితాంతం వాయించాడు. ఇలాంటి గిటారుకు మన వాళ్లు కారు పెయింటు కొట్టించి తళతళలాడించి తెస్తూంటారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తుడవాలంటే లైటరులో పోసే నాఫ్తా గుడ్డకు అద్ది తుడవండి. థిన్నరు, అసిటోను ఆ గదిలోనే ఉండకూడదు, ఒక్క బొట్టు పడితే నైట్రో కరిగిపోతుంది.

పాతది పాతగానే ఉండాలని నేనంటున్నది వాయించేవాడి అవసరాన్ని కాదని కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్ మీద గమకాలు పలకవని ఒంటి తీగలు పెట్టించుకుని, ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కర్ణాటక సంగీతానికి ఒదిగించారు. వాయిద్యం మార్చే హక్కు వాయించేవాడిది. మీరు చేయగలిగింది, మార్చిన ప్రతిదీ మళ్లీ వెనక్కి తీసుకునేలా చేయడం. కొత్త రంధ్రం వేయకుండా, ఉన్న రంధ్రాలకే సరిపడే భాగం వెతకండి. తీసిన పాత భాగాన్ని కాగితంలో చుట్టి పేరు రాసి పెట్టండి.

అప్పగించే ముందు ఆంప్లిఫయరుకు తగిలించి చూస్తారు కదా, అక్కడ ప్రాణాల సంగతి ఉంది. తీగలను తాకితే రొద తగ్గితే మంచిదే, గ్రౌండు సరిగా ఉన్నట్టు. తాకితే పెరిగితే జాకు దగ్గర వైర్లు తారుమారయ్యాయి, లేదా బ్రిడ్జికి వెళ్లే గ్రౌండు వైరు తెగింది. గిటారు తీగలు ఆంప్లిఫయరు ఇనుప చట్రంతో కలిసే ఉంటాయి. ఆంప్లిఫయరు ఒక చోటి ప్లగ్గుకు, మైకు ఇంకో చోటి ప్లగ్గుకు తగిలించి, వాటిలో ఒకదానికి ఎర్తు లేకపోతే, తీగలు పట్టుకుని మైకుకు పెదవి ఆనించినవాడి ఒంట్లోంచి కరెంటు పారుతుంది. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వీ వేదిక మీదే ఇలా చనిపోయాడు. మన తిరునాళ్ల పందిళ్లలో రెండు పిన్నుల ప్లగ్గులు ఎన్ని చూడలేదు! రెండూ ఎర్తున్న ఒకే బోర్డు నుంచి తీసుకోమనీ, పాటకు ముందు మైకు జాలీకీ గిటారు తీగకూ మధ్య ఏసీ వోల్టేజి మీటరుతో చూసుకోమనీ ప్రతి గిరాకీకీ చెప్పండి. వాల్వుల ఆంప్లిఫయరు మాత్రం తెలిసినవాళ్ల పక్కన నేర్చుకోకుండా విప్పకండి. ప్లగ్గు తీసేసినా దాని కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

ఇదంతా ఎక్కడ నేర్చుకోవాలంటే, సొంత వస్తువు మీద. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు మన తెలుగింటివారే. కుర్రతనంలో ఒక దొర మోటారుసైకిలు చూసి మనసుపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొనుక్కున్నారు. నడిపి తిరగడానికంటే విప్పి మళ్లీ బిగించడానికే కొన్నారని చెప్తారు. మీరూ పాత సామాన్ల కొట్లో ఒక పాడైన గివ్‌సన్ కొనండి. దాని మెడ విప్పండి, పికప్పు మీటరుకు పెట్టండి, మెట్లు అరగదీయండి, చెడగొట్టండి. వేరొకరి గిటారు మీద మొదటి టంకం పెట్టొద్దు.

డబ్బు విషయం మొహమాటపడకండి. విప్పి చూసి ఏం పోయిందో చెప్పడానికే ఒక రుసుము పెట్టండి, పని ఒప్పుకుంటే అందులోంచి తగ్గించండి. గంటకు మీ కంపెనీ ఓవర్‌టైముకు తగ్గకుండా లెక్క వేసుకోండి, జిగురు ఆరే రోజులు లెక్కలోకి రావు గానీ కట్టు కట్టిన గంట వస్తుంది. భాగాల ఖరీదు ముందే చేతిలో పెట్టించుకోండి. రసీదులో నాలుగు సంగతులుండాలి: వచ్చినప్పటి స్థితి, చేసిన పని, మార్చిన భాగాలు, చేయకుండా వదిలేసినవి. చివరిది మరిచిపోతే, ముందే ఉన్న పగులు మీ వల్లే వచ్చిందని ఆర్నెల్ల తర్వాత ఎవరో అంటారు. గిటారు ఇచ్చేటప్పుడు పాత పాట్, పాత జాకు, తల దగ్గర తీగలు ఆనే నట్ విరిగిన ముక్క ఏదైనా సరే ఒక సంచిలో వేసి, మొదటి రోజు తీసిన ఫోటోలు యజమాని ఫోనుకు పంపి, సంతకం తీసుకోండి.