అరిగిన జెట్, పెరిగిన పెట్రోలు ఖర్చు

చాలా దూరం తిరిగిన పాత మోటార్ సైకిల్ పెట్రోలు ఎక్కువగా తాగుతున్నదంటే, ముందుగా కార్బ్యురేటర్‌ను పరీక్షించాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా దహనం కావడానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. సగం థ్రాటిల్ ప్రాంతంలో ఈ నిష్పత్తిని కాపాడేవి రెండు భాగాలు: థ్రాటిల్‌తోపాటు పైకీ కిందికీ కదిలే సూది, దాని చుట్టూ ఉండే ఇత్తడి నీడిల్ జెట్.

ఇంజను కంపనాలకు సూది జెట్ అంచును ఒరుసుకొని రంధ్రాన్ని పెద్దదిగా చేస్తుంది. ఉదాహరణకు రంధ్రం వ్యాసం 2.60 మి.మీ., అక్కడ సూది వ్యాసం 2.50 మి.మీ. అనుకొందాం. పెట్రోలు ప్రవహించేది వీటి మధ్యనున్న సందులోనే. రంధ్రం 2.65 మి.మీ.కు అరిగితే ఆ సందు వైశాల్యం 0.40 నుండి 0.61 చదరపు మి.మీ.కు, అనగా ఒకటిన్నర రెట్లకు పెరుగుతుంది!

అప్పుడు గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అధికంగా వెలువడుతుంది. స్పార్క్ ప్లగ్‌పై మసి పేరుకొంటుంది. మెయిన్ జెట్‌ను చిన్నదిగా మార్చడం దీనికి పరిష్కారం కాదు. దాని ప్రభావం ముఖ్యంగా పూర్తి థ్రాటిల్ వద్దనే. అక్కడ మిశ్రమం పలుచబడి ఇంజను వేడెక్కుతుంది. సూదిని, నీడిల్ జెట్‌ను జతగా మార్చడమే సరియైన మార్గం. ఇత్తడి జెట్లను ఉక్కు తీగతో పొడిచి శుభ్రపరచరాదు. మూసియున్న గరాజులో ఇంజను నడపడం ప్రాణాపాయకరమని పిల్లలకు సైతం తెలియజేయాలి.